లెక్కల్లో వాడ: మన సంఖ్యను ఎక్కడ వెతకాలి?

మనవాళ్ళెంతమంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఉద్యమం అసెంబ్లీ ముందూ, బడ్జెట్ ముందూ, కోర్టు ముందూ చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. ఎదుటివాడి చేతిలో లెక్కల పుస్తకం ఉంటుంది. మన చేతిలో దరఖాస్తు ఉంటుంది. మాతో కలిసి పనిచేసే విద్యార్థులూ, కార్యకర్తలూ తరచుగా అడిగేది ఒకటే: "దళితుల జనాభా లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?" దొరికే చోటు చెప్పడం కష్టం కాదు. ఆ లెక్క ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఎవర్ని వదిలేసి రాశారు అన్నది తెలుసుకోకపోతే మాత్రం దొరికిన లెక్కే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. తెలుగు నేల మీద మాల మాదిగలనూ, వాళ్ళ ఉపకులాలనూ లెక్కపెట్టిన చరిత్రను ఈ వ్యాసంలో మేము క్లుప్తంగా చూస్తున్నాం. చరిత్ర చెప్పుకుంటూనే ఆధారాలను ఎట్లా చదవాలో కూడా చెప్పే ప్రయత్నం చేస్తాం.

పేరు పెట్టినవాడిదే లెక్క

మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి పద్ధతి ప్రకారం జరిగిన జనగణన 1871ది. దాని నివేదిక రాసింది కార్నిష్ అనే వైద్యాధికారి. ఆ నివేదికలో కులాలన్నిటినీ కొన్ని పెద్ద గంపల్లో వేశారు. అరవ దేశపు పరయాలనూ, తెలుగు దేశపు మాల మాదిగలనూ కలిపి ఒకే గంపలో పోసి, దానికి అరవ పేరే పెట్టారు. అంటే మన తాతముత్తాతలు ప్రభుత్వ కాగితం మీద మొదటిసారి పెద్దయెత్తున కనబడింది తమది కాని పేరుతో. 1871 అంకెను తీసుకొచ్చి "అప్పుడు మాలలు ఇంతమంది, మాదిగలు ఇంతమంది" అని రాసేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి జనగణనల్లో కులాలు విడివిడిగా కనబడతాయి. కానీ కులాన్ని చెప్పేది ఇంటాయన, రాసేది ఊరి కరణం, సర్దేది పట్నంలో గుమాస్తా, వ్యాఖ్యానం రాసేది దొర. ఈ నాలుగు చేతుల్లో మన చెయ్యి ఒక్కటే, అది కూడా నోటిమాట వరకే.

1909లో అచ్చయిన థర్‌స్టన్ ఏడు సంపుటాలూ, 1920లో నిజాం రాజ్యం మీద సయ్యద్ సిరాజుల్ హసన్ రాసిన పుస్తకమూ ఈ కాలం నాటివే. మన పరిశోధకులు వీటిని విరివిగా వాడతారు, వాడాల్సిందే. ఆచారాలు, పనులు, పుక్కిటి కథలు వాటిల్లో చాలా ఉన్నాయి. అయితే మాలపల్లె గురించి వాటిలో ఉన్న మాటలు చాలామటుకు ఊరివాళ్ళ నోటినుంచి వచ్చినవి. ఊరు వాడ గురించి ఏమనుకుందో తెలుసుకోడానికి అవి పనికొస్తాయి. వాడ తన గురించి తాను ఏమనుకుందో తెలియాలంటే ఇంకోచోట వెతకాలి.

అట్లా వెతికితే 1917 తగుల్తుంది. ఆ ఏడు బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచి పెట్టిన సభకు హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడిగా వచ్చాడు. పంచములన్న మాటనే సభ తిప్పికొట్టింది. మేము ఐదో వర్ణం కాదు, ఈ నేలకు మొదటివాళ్ళం అని చెప్పి ఆది ఆంధ్ర అనే పేరు పెట్టుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను అంగీకరించింది. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డివర్మ తదితరుల కృషి వల్ల 1931 జనగణనలో ఆది హిందువు అనే పేరు నమోదైంది. వాడ తన పేరు తానే చెప్పి లెక్కలో రాయించుకున్న సందర్భాలివి. ఇది మన రాజకీయ చరిత్రలో చిన్న విషయం కాదు.

అయితే పరిశోధకుడికి ఇక్కడే చిక్కు వస్తుంది. ఆది ఆంధ్ర అన్నది మాలా మాదిగా ఇద్దర్నీ కలిపే పేరుగా పుట్టింది. 1931లో మద్రాసు జిల్లాల్లో చాలామంది మాలలూ మాదిగలూ కులమేంటంటే ఆది ఆంధ్ర అనే రాయించారు. కాబట్టి ఆ ఏటి పట్టికలో మాలలు తగ్గినట్టు, మాదిగలు తగ్గినట్టు కనబడితే జనం తగ్గారని కాదు, పేరు మారిందని అర్థం. మూడు గడులనూ కలిపి చూస్తే తప్ప 1921తో గానీ 1911తో గానీ పోల్చకూడదు. తర్వాత షెడ్యూల్డు కులాల జాబితా తయారైనప్పుడు ఈ ఉమ్మడి పేరును మాల, మాదిగ పక్కన ఇంకో కులంగా చేర్చారు. కలపడానికి పెట్టుకున్న పేరు జాబితాలో విడి కులమైపోయింది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎ, బి, సి, డి గ్రూపులు చేసినప్పుడు డి గ్రూపు ఆది ఆంధ్రులది, నాలుగు కులాలు, ఒక శాతం. బెజవాడ సభవాళ్ళు దీన్ని ఊహించి ఉండరు. జాబితాను మాత్రమే చదివి సభను చదవకపోతే మనకూ ఈ సంగతి అర్థం కాదు.

1931 తర్వాత మూసేసిన తలుపు

అన్ని కులాల సంఖ్యా పూర్తిగా అచ్చయిన చివరి జనగణన 1931ది. దేశమంతటికీ కమిషనరు హట్టన్. మద్రాసుకు సూపరింటెండెంటు యీట్స్. 1941లో అదే యీట్స్ దేశమంతటి జనగణనకు కమిషనరయ్యాడు గానీ, యుద్ధం ఖర్చుల పేరుతో కులాల పట్టికలు తయారుచెయ్యలేదు. 1951 నుంచి స్వతంత్ర ప్రభుత్వం షెడ్యూల్డు కులాలనూ తెగలనూ తప్ప మిగతా కులాలను లెక్కపెట్టడం మానేసింది. దీని ఫలితమేమంటే, మన సంఖ్య పదేళ్ళకోసారి బయటికొస్తుంది, అగ్రకులాల సంఖ్య మాత్రం గుట్టుగా ఉంటుంది. భూమి, ఉద్యోగాలు, కాంట్రాక్టులు ఎవరి చేతిలో ఎంత ఉన్నాయని అడగాలంటే ముందు వాళ్ళెంతమందో తెలియాలి. ఆ ప్రశ్నే వెయ్యకుండా చేసే ఏర్పాటిది. వెనకబడిన కులాలకు అన్యాయం ఇంకో రకంగా జరిగింది. దశాబ్దాలపాటు కమిషన్లన్నీ 1931 అంకెలనే పట్టుకుని అంచనాలు కట్టాల్సి వచ్చింది.

1931 సంపుటాలు వాడేటప్పుడు సరిహద్దులు చూసుకోవాలి. ఆనాటి హైదరాబాదు రాజ్యంలో తెలుగు జిల్లాలు ఎనిమిదే. ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. రాజ్యం మొత్తం అంకెను తెలంగాణ అంకెగా రాసిన వ్యాసాలు మనం చూస్తూనే ఉంటాం. అట్లాగే మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తాన్ని ఆంధ్రగా రాయకూడదు. జిల్లా పట్టికలు తీసి, జిల్లాలు కలిపి, మన లెక్క మనమే కట్టుకోవాలి. పాత సంపుటాలకు మద్రాసు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సూ, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్సూ ముఖ్యం. తార్నాకలో నిజాం కాలపు కాగితాల్లో చాలాభాగం ఉర్దూలో, ఫారసీలో ఉంటాయి. మన పిల్లల్లో ఉర్దూ చదివేవాళ్ళు పదిమంది తయారైతే తెలంగాణ వెట్టి చరిత్ర ఇంకో రకంగా రాయొచ్చు. ఇది కోరిక కాదు, అవసరం.

రెండు పట్టికలు పక్కపక్కన

1950 తర్వాతి లెక్కలు చదవడానికి అన్నిటికంటే పెద్ద తాళంచెవి ఒక ప్రభుత్వ ఉత్తర్వులోని ఒకే ఒక పేరా. 1950 రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం కానివాళ్ళు షెడ్యూల్డు కులం కిందికి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఈ అడ్డు తీసేశారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తియ్యలేదు. ఆంధ్రలో షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవం తీసుకున్నవాళ్ళను బి.సి.లలో సి గ్రూపులో పెట్టి ఒక శాతం ఇచ్చారు.

తెలుగు నేలకు ఇది పక్కదారి విషయం కాదు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే ఒంగోలు మిషను పరిధిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఉద్యమం ప్రధానంగా మాదిగలది. గుంటూరు, నెల్లూరు, కృష్ణా, కర్నూలు జిల్లాల్లో మాల మాదిగ పల్లెల్లో బడి అన్నా, ఆసుపత్రి అన్నా ముందు వచ్చింది మిషను ద్వారానే. అందుకే మిషన్ల వార్షిక నివేదికలు, బాప్తిస్మ రిజిస్టర్లు మనకు చాలా విలువైన ఆధారాలు. జనగణనలో పేరు లేని మనిషికి అక్కడ పేరుంటుంది, తండ్రి పేరుంటుంది, పల్లె పేరుంటుంది.

ఇప్పుడు జనగణనలో మతాల పట్టికనూ, షెడ్యూల్డు కులాల పట్టికనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలు 1961లో 13.82 శాతం, 1971లో 13.27 శాతం, 1981లో 14.87, 1991లో 15.93, 2001లో 16.19, 2011లో 16.41 శాతం. క్రైస్తవులు అదే క్రమంలో 3.97, 4.19, 2.68, 1.83, 1.55, 1.34 శాతం. 1961కీ 1971కీ మధ్య షెడ్యూల్డు కులాల వాటా తగ్గింది, క్రైస్తవుల వాటా పెరిగింది. 1971 తర్వాత సరిగ్గా తిరగబడింది.

1971-81 పదేళ్ళను ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. రాష్ట్ర జనాభా 23.1 శాతం పెరిగింది. షెడ్యూల్డు కులాల జనాభా 57.75 లక్షల నుంచి 79.62 లక్షలకు, అంటే దాదాపు 38 శాతం పెరిగింది. క్రైస్తవులు 18.23 లక్షల నుంచి 14.33 లక్షలకు తగ్గారు. రాష్ట్రంతో సమానంగా పెరిగితే షెడ్యూల్డు కులాలు 71 లక్షల పైచిలుకు ఉండాలి. ఎనిమిదిన్నర లక్షలమంది ఎక్కువ కనబడుతున్నారు. క్రైస్తవులు అదే లెక్కన 22.4 లక్షలుండాలి. ఎనిమిది లక్షల పైచిలుకు మంది తక్కువ కనబడుతున్నారు. ఒకచోట ఎక్కువైనదీ ఇంకోచోట తక్కువైనదీ ఇంత దగ్గరగా ఉన్నాయంటే ఏమనుకోవాలి? పదేళ్ళలో ఎనిమిది లక్షలమంది చర్చి మానేసి గుడికి వెళ్ళారనా? ఆ పదేళ్ళలోనే హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పులు, ఇళ్ళ స్థలాలు పెరిగాయి, 1974లో షెడ్యూల్డు కులాల ఆర్థిక సహకార సంస్థ వచ్చింది. వీటన్నిటికీ కావలసింది కులం సర్టిఫికెట్టు. పిల్లవాడి చదువు కోసం తల్లి లెక్కలాయన ముందు ఒక మాట చెప్పింది, ఆదివారం తన మాట తాను పాడుకుంది. దీన్ని మోసమని తిట్టేవాళ్ళున్నారు. మనిషిని మతమో కూడో తేల్చుకోమన్న పేరాను తిట్టేవాళ్ళు తక్కువ.

అయితే పరిశోధకుడు ఇక్కడ ఆగి ఇంకో మాట చెప్పుకోవాలి. 1976 సవరణ చట్టం కులాల జాబితాలోని ప్రాంతీయ పరిమితులను చాలామటుకు తీసేసింది. అంతకుముందు ఒక ప్రాంతంలో షెడ్యూల్డు కులం కానివాళ్ళు 1981 నాటికి లెక్కలోకి వచ్చి ఉంటారు. కాబట్టి ఆ ఎనిమిది లక్షలూ ఈ ఎనిమిది లక్షలూ ఒక్కరేనని ఈ అంకెలు రుజువు చెయ్యవు. జిల్లా పట్టికలు తీసి, క్రైస్తవులు తగ్గిన జిల్లాల్లోనే షెడ్యూల్డు కులాలు పెరిగాయా అన్నది చూడాలి. ఆ తర్వాత పల్లెకు పోయి అడగాలి. అంకె చెప్పేది ఎక్కడ వెతకాలో మాత్రమే.

మూడో పేరా తీసెయ్యాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2022లో కేంద్రం ఈ విషయం మీద బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులం హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఈ చర్చలో ఎవరు ఏ అంకె చెప్పినా, దాని వెనక ఈ రెండు పట్టికలున్నాయని గుర్తుంచుకోవాలి.

అంకె ఎట్లా సీటవుతుంది?

"లెక్కలతో ఏం పని, పోరాటం చాలదా" అనే కార్యకర్తలకు ఒక్క ఉదాహరణ. చట్టసభల్లో షెడ్యూల్డు కులాల రిజర్వుడు సీట్లు జనాభాలో వాళ్ళ వాటాను బట్టి వస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 294 సీట్లు. 1971 లెక్క ప్రకారం 13.27 శాతం, అంటే 39 సీట్లు. ఎమర్జెన్సీ కాలంలో వచ్చిన 42వ సవరణ ఈ పంపకాన్ని 1971 జనాభా దగ్గరే ఆపేసింది. జనం పెరిగారు, వాటా పెరిగింది, సీట్లు కదల్లేదు. 1991 లెక్కతో కడితే 47 సీట్లు రావాలి. 1994, 1999, 2004 ఎన్నికలు మూడూ 39తోనే జరిగాయి. ఒక్కో సభలో ఎనిమిదేసి సీట్లు లేకుండా పోయినట్టు. చుండూరు తర్వాతి కాలమది, దళిత రాజకీయం రోడ్డు మీద వెల్లువగా ఉన్న కాలమది. 2001 లెక్క ఆధారంగా 2008లో పునర్విభజన జరిగాకనే 39 కాస్తా 48 అయింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రకు 29, తెలంగాణకు 19 వచ్చాయి.

ఈ లెక్క ఎవరైనా కట్టొచ్చు. కావలసినవి రెండే: జనగణన పట్టిక, డీలిమిటేషన్ ఉత్తర్వు. ఎన్నికల సంఘం 1951-52 నుంచి ప్రతి ఎన్నికకూ గణాంక నివేదిక అచ్చువేస్తోంది. ఏ రిజర్వుడు నియోజకవర్గంలో ఎవరు గెలిచారో, ఎన్ని ఓట్లు వచ్చాయో అందులో ఉంటుంది. ఓటర్ల జాబితాలో మాత్రం కులం ఉండదు. అందుకని "మాలల ఓట్లు ఇటు, మాదిగల ఓట్లు అటు" అని పత్రికలు రాసేది అంచనాయే తప్ప లెక్క కాదు.

డబ్బు సంగతీ అంతే. 2013లో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టం జనాభా వాటా ప్రకారం నిధులు కేటాయించాలంది. వాటా అర శాతం తేడా వస్తే ఎన్ని కోట్లు తేడా వస్తాయో బడ్జెట్ పుస్తకం పక్కన పెట్టుకుని ఎవరికివాళ్ళు చూసుకోవచ్చు.

వర్గీకరణ చర్చ కూడా లెక్కల మీదే నడిచింది. 1994లో ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా వేసిన ప్రశ్న సూటిది: ఉమ్మడి వాటాలో మాకెంత వచ్చింది? 2001 జనగణన ప్రకారం రాష్ట్ర షెడ్యూల్డు కులాల్లో మాదిగలు 49.2 శాతం, మాలలు 41.6 శాతం. జనాభా అంకె జనగణనలో ఉంది. ఉద్యోగాల అంకె జనగణనలో లేదు. దాన్ని కమిషన్లు శాఖలనుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణను కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం రాష్ట్రాలు వర్గీకరించవచ్చంది, కానీ దానికి అనుభవంలో తేలిన ఆధారాలుండాలంది. 2025లో రెండు రాష్ట్రాలూ 15 శాతాన్ని మూడు గ్రూపులుగా పంచాయి. తెలంగాణలో 1, 9, 5 శాతాలు. ఆంధ్రలో 1, 6.5, 7.5 శాతాలు. ఈ పంపకాలు బాగున్నాయా లేవా అన్నది ఇక్కడ మా వాదన కాదు. మాలైనా మాదిగైనా రెల్లి అయినా, తన వాదనకు ఆధారం పక్కవాడి ముందు విప్పి చూపించగలిగితేనే అన్నదమ్ముల మధ్య మాట నిలబడుతుంది.

పట్టికలో లేనిది

జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు 1951 నుంచి వస్తున్నాయి. ఊరూరికీ షెడ్యూల్డు కులాల జనాభా అందులో దొరుకుతుంది. ఊరి అక్షరాస్యత, ఊరి వ్యవసాయ కూలీల సంఖ్య కూడా ఉంటాయి. ఒక సంఘటన మీద నిజనిర్ధారణకు వెళ్ళే ముందు ఆ ఊరి పేజీ చదువుకుని వెళ్ళడం మంచి అలవాటు. 1961లో ఎంపిక చేసిన కొన్ని గ్రామాల మీద ప్రత్యేక గ్రంథాలు కూడా జనగణన శాఖ వేసింది. కానీ జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం. మాలపల్లె విడిగా కనబడదు. ఊళ్ళో బోరింగుందని పట్టిక చెబుతుంది. అది వాడకు ఎంత దూరమో చెప్పదు.

భూమి ఎవరిదన్నదీ జనగణన చెప్పదు. వ్యవసాయ గణన 1980-81 నుంచి షెడ్యూల్డు కులాల కమతాలను విడిగా చూపుతోంది గానీ అవి మొత్తాలు మాత్రమే. ఊరి స్థాయిలో కావాలంటే ఆంధ్రలో అడంగలు, తెలంగాణలో పహాణీ, వెనక్కి పోతే 1954-55 ఖాస్రా పహాణీ చూడాలి. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యేదాకా ఊరి లెక్కలన్నీ కరణం పెట్టెలోనే ఉండేవి. ఆ పెట్టె తాళం ఏనాడూ వాడ చేతికి రాలేదు. ఇనాం భూమి ఎట్లా చేతులు మారిందో, వెట్టి ఎట్లా నడిచిందో కాగితం ఒకటి చెబితే ముసలమ్మ ఇంకొకటి చెబుతుంది. రెండూ రాసుకోవాలి. తేడా ఉన్నచోటే చరిత్ర ఉంటుంది. 1985 కారంచేడు, 1991 చుండూరుల విషయంలో పోలీసు కాగితంతో పాటు పౌరహక్కుల సంఘాల నివేదికలూ, కోర్టు రికార్డులూ, బాధితుల మాటలూ కలిపి చదవకపోతే ఏం జరిగిందో తెలియదు.

తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో ఇంటింటి కులసర్వే చేసి, 2025 ఫిబ్రవరిలో ఫలితాలు చెప్పింది: షెడ్యూల్డు కులాలు 17.43 శాతం. 2011 జనగణనలో అవే తెలంగాణ జిల్లాల్లో ఇది 15.45. ఈ రెండింటి మధ్య తేడాకు జనం పెరగడం ఒక్కటే కారణమా, అడిగిన పద్ధతి మారడం కూడానా అన్నది మన విద్యార్థులు తీసుకోదగ్గ అంశం. దేశమంతటా అన్ని కులాలనూ లెక్కించే జనగణనకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ ఇచ్చారు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. 1931లో మూసిన తలుపు 96 ఏళ్ళ తర్వాత తీస్తామంటున్నారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన మీదనే సీట్ల పంపకం కూడా ఆధారపడుతుంది కాబట్టి, ఈసారి రాసే గడి మామూలు గడి కాదు.

అందుకే సంఘాలకు మేము చెప్పేదేమంటే, లెక్కలాయన వచ్చినరోజు వాడలో చదువుకున్నవాళ్ళు వాడలోనే ఉండాలి. కులం పేరు జాబితాలో ఉన్నట్టే రాయించాలి. వలసపోయిన కుటుంబాలు, బస్టాండు పక్క గుడిసెల్లో ఉండే సంచార కులాలవాళ్ళు తప్పిపోకుండా చూడాలి. ఊరి హ్యాండ్‌బుక్ పేజీ, మన చేత్తో కట్టిన ఇళ్ళ లెక్క రెండూ సంఘం ఆఫీసులో ఒక ఫైల్లో ఉంచాలి. ప్రభుత్వ లెక్క వచ్చినరోజు ఆ ఫైలు తీసి పోల్చాలి. బెజవాడలో మనవాళ్ళు పేరు తామే చెప్పుకున్నారు. లెక్క కూడా తామే సరిచూసుకునే పని మనకు మిగిలింది.